ఉదజనికి రెండు పాళ్లు

జగిత్యాల,
సెప్టెంబర్ 1

శ్రీ ముత్తయ్య గారికి నమస్కారములు.

స్వచ్ఛ ఇంధనం కోసం ఏడు దేశాల ప్రభుత్వాలు మన ప్రభుత్వంతో చేతులు కలిపిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆ సహకార పథకానికి మల్యాల మండలంలోని మీ ఉమ్మడి వ్యవసాయ బావి ఎంపికైందని తెలుపుటకు సంతోషిస్తున్నాము. మీ బావి నీటిని విభజించగా రెండు పాళ్లు ఉదజని, ఒక పాలు ఆమ్లజని. ఉదజనికి విదేశాల్లో మంచి గిరాకీ ఉంది. ఆమ్లజనితో మాకు పని లేదు కనుక గాలికి వదిలేస్తాము. మీరు, కోరుట్లలో ఉంటున్న మీ తమ్ముడు సాయిలు గారు అంగీకార పత్రం మీద సంతకాలు చేసి పంపగలరు.

ఇట్లు,
ప్రవళిక,
సమన్వయ అధికారి

తా.క.: ప్రజలకు రాసే ఉత్తరాల్లో ఒక్క ఆంగ్ల పదం కూడా ఉండరాదని పైవారి ఆదేశం. మా తెలుగు సులభంగానే అర్థమైందని తలుస్తాము.


మల్యాల మండలం,
సెప్టెంబర్ 5

ప్రవళిక మేడమ్ గారికి, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన ముత్తయ్య ఒళ్లు మండి రాయునది.

ఎవరమ్మా ఈ ఉదజని? ఎవరీ ఆమ్లజని? మా నాయనకు మేమిద్దరం కొడుకులమే. ఆయన పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఎవరో ఇద్దరు ఆడవాళ్లు మీ ఆఫీసుకొచ్చి ఆయన బిడ్డలమని చెప్తే, ముందూ వెనకా చూడకుండా మా బావి పంచేస్తారా? అందులోనూ ఒకామెకు రెండు పాళ్లా? కడుపున పుట్టిన మాకు చుక్క నీళ్లు కూడా రాయలేదు! పొట్టకొచ్చిన వరికి నేనేం పోయాలి, మీ ఉత్తరం తడిపి పోయాలా?

మీ ఉత్తరం చదివితే విని మా అమ్మ రాజవ్వ నా మీదనే లేచింది. "గందుకేనారా, తాళ్లు గీసెతందుకని సిరిసిల్ల దిక్కు పోయి నెలల కొద్ది అటే ఉంటుండె! ఈ పెత్రమాసకు గాయన పేరు మీద బియ్యం ఇయ్యనంటే ఇయ్య. గా ఉదజనినే ఇయ్యమను" అంది. పెద్దల అమావాస్యకు పోయిన మనిషి పేరున ఇచ్చే బియ్యం కూడా లేకుండా చేశారు కదా! ఆయన పరువు నాకు ఎవరు తెచ్చిస్తారు?

మా ఇంటి పంచాయితీలోకి ఏడు దేశాలు ఎందుకు వచ్చాయో కూడా రాయండి. మా అన్నదమ్ముల నీళ్ల తగవు కోరుట్ల పెద్దమనుషులతోనే తెగలేదు.

ఇట్లు,
ముత్తయ్య

తా.క.: ఎవరి బిడ్డైనా కానీ, ఆడపిల్లను గాలికి వదిలేస్తామని కింద సంతకం పెట్టి మరీ రాశారు. మీరూ ఒక ఆడమనిషే కదా!


జగిత్యాల,
సెప్టెంబర్ 9

ముత్తయ్య గారికి,

మీ కుటుంబ గొడవలతో మా కార్యాలయానికి సంబంధం లేదు. ఉదజని మీ నీటిలోనే ఉంది, కావాలంటే ఏ పెద్ద చదువు చదివిన వారినైనా అడగండి. పుట్టుక ఎలాంటిదో తెలియని ఉదజనిని విదేశాలు ముట్టుకోవు. అందుకే మచ్చలేని పుట్టుక అని ఏడు దేశాలూ ఒప్పుకునే ధ్రువపత్రం మేమే ఇప్పిస్తాము. ఉదజనికి మండే స్వభావం ఉంది. కనుక గట్టిగా బంధించి, ఓడ ఎక్కించి పంపుతాము. మీకు ఏ ఇబ్బందీ కలగదు.

సంతకాలు వెంటనే పంపండి.

ప్రవళిక

తా.క.: ఆమ్లజని గురించి అంత బాధపడే వారిని నా ఉద్యోగంలో మిమ్మల్నే చూశాను.


మల్యాల మండలం,
సెప్టెంబర్ 12

ప్రవళికకు,

గారు అని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆడమనిషిని బంధించి ఓడలో అమ్ముకుంటారా? దానికి సర్కారు ముద్ర, ఏడు దేశాల పూచీ! మా నాయన తప్పు చేస్తే చేసి ఉండవచ్చు, ఆమె ఏం చేసింది? ఆమె మా నాయన బిడ్డే అయితే మాకు తోబుట్టువు. మేము బతికి ఉండగా ఆమె ఓడ ఎక్కదు.

నీళ్ల వంతు దగ్గర మాటా మాటా పెరిగి మా తమ్ముడు నాతో మాట్లాడటం ఏనాడో మానేశాడు. మీ రెండో ఉత్తరం పంపిస్తే మొదటి బస్సుకు దిగాడు. "అన్నా, చెల్లెను అమ్ముతాంటే చూసుకుంట కూసుంటమా?" అన్నాడు. ఇద్దరం సిరిసిల్ల పోయి, కల్లు కాంపౌండ్లలో, బట్ట నేసే సాంచెలు నడిచే ఖార్ఖానాల్లో నాయన పేరు చెప్పి ఉదజని కోసం అడిగి వచ్చాం. దొరకలేదు. మీరే ఎక్కడో దాచారు. పోలీసులకు దరఖాస్తు ఇచ్చాం.

ముత్తయ్య, సాయిలు

తా.క.: మా అమ్మకు ఇన్నాళ్లూ మనసులో ఓ మూలన కొంచెం అనుమానం ఉండేది. మండే స్వభావం అని రాశారు చూడండి, దానితో పోయింది. ముమ్మాటికీ మా నాయన బిడ్డేనట.


జగిత్యాల,
సెప్టెంబర్ 16

అయ్యా ముత్తయ్య గారూ!

ఉద్యోగం పోతే పోయింది, ఇంగ్లీషులోనే చెప్తాను. ఉదజని అంటే హైడ్రోజన్. గ్యాస్! నీళ్లలోకి కరెంటు పంపితే వస్తుంది. దానితో బండ్లు నడుస్తాయి, ఫ్యాక్టరీలు నడుస్తాయి. ఆమ్లజని ఆక్సిజన్, మీరు ఇన్నాళ్లూ పీల్చి నన్ను తిడుతున్నది దానితోనే! విదేశీ ప్రతినిధులు కూర్చుని ఉండగా పోలీసులు వచ్చి, బంధించిన ఆడవాళ్లను చూపించమని మా బీరువాలు తెరిపించారు. నా తల ఎక్కడ పెట్టుకోవాలి? క్షమాపణ రాసి, సంతకాలు జత చేసి పంపండి.

ప్రవళిక

తా.క.: పెత్రమాసకు బియ్యం ఇవ్వమని మీ అమ్మగారికి చెప్పండి. మీ నాయన బంగారం లాంటి మనిషి. అందుకు నాదీ పూచీ.


మల్యాల మండలం,
సెప్టెంబర్ 20

ప్రవళిక మేడమ్ గారికి,

మీ ఉత్తరం ఒక రోజు ముందు వచ్చి ఉంటే ఎంత బాగుండేది! అది వచ్చేసరికి సిరిసిల్ల నుంచి ఒకామె మా ఇంటి ముందు నిలబడి ఉంది. సాంచెల మీద పని చేస్తుందట. "నా పేరు ఉదజని కాదే, రేణుక. గని మీరు దేవులాడేది నన్నే కావచ్చు" అంది. ముఖం చూస్తే మా తమ్ముడు చీర కట్టుకున్నట్టే ఉంది.

అమ్మ చీపురు పట్టుకొని వచ్చింది. రేణుక అక్కడి నుంచి కదల్లేదు. "నీళ్లల్ల పాలు నాకొద్దు పెద్దమ్మా. వస్తనని పోయిండట, మల్ల రాలే. మా అమ్మ సచ్చేదాక ఎదురుసూసింది. గాయన ఎన్నడు పోయిండో జెర చెప్పు, గంతే" అంది.

అమ్మ చేతిలో చీపురు జారిపోయింది. రేణుకను లోపలికి పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకుంది. అప్పటి నుంచి ఇద్దరూ కలిసి మా నాయనను తిడుతున్నారు, మధ్యలో ఏడుస్తున్నారు, మళ్లీ తిడుతున్నారు.

నేను క్షమాపణ రాయను. సంతకమూ పెట్టను. రేణుక వద్దన్నా బావిలో ఆమెకు వంతు ఇస్తామని సాయిలు, నేను ఒక్క మాట మీద ఉన్నాం. మూడు వంతులు పోయాక మీకు విడగొట్టడానికి నీళ్లేం మిగలవు. ఏడు దేశాలకూ మీరే చెప్పుకోండి.

ఇట్లు,
ముత్తయ్య, సాయిలు, రేణుక

తా.క.: మా నాయనకు మీరిచ్చిన పూచీ చదివి వినిపించాను. అమ్మ రెండుసార్లు చదివించుకొని, "మొగోనికి పూచీ ఉన్నదంటే, గీ ఉత్తరం రాసిన పొల్లకు ఇంక లగ్గం కానట్టుంది" అంది.