మందు వేయని వరుస

తమ్ముడు సూర్యానికి,

పేరుకు ముందు ‘చిరంజీవి’ అని రాయడానికి ఈసారీ చేయి రాలేదు.

సరిహద్దు అడవిలో, మందులేని వైరస్ జ్వరంతో పోయావు నువ్వు. ఆ జ్వరానికే, నీలాంటి సైనికుల కోసం, పరవాడ ప్రయోగశాలలో మందులు పరీక్షిస్తున్నారు. అక్కడ పనిచేసే నా పాత విద్యార్థిని గౌరి నిన్న ఆ పరీక్ష చూపించింది. పళ్లెంలోని చిన్న గుంటల్లో పెంచిన కణాలకు వైరస్ ఎక్కించి, వరుసకొక మందు వేశారు. చివరి వరుసకు మాత్రం ఏమీ వేయలేదు.

“దానికెందుకు వేయలేదు?” అన్నాను.

“అది సావాల మేడమ్. అది సస్తేనే గదా, మిగతావాటిని మందు కాపాడిందో లేదో తెలిసీది! మీరే సెప్పారు క్లాసులో, మర్సిపోనారేటి?”

మరచిపోలేదు.

చివర్లో రంగు పోసి కడిగితే, బతికిన కణాలకే ఊదారంగు అంటుతుంది. పళ్లెంలో ఎక్కడా రంగు లేదు. ఏ మందూ పనిచేయలేదు.

గౌరి కుర్చీ తెచ్చింది, అక్కర్లేదన్నాను. ఆ చివరి వరుసను నిలబడే చూశాను.