నువ్వడిగిన రివాల్వర్ సంగతి

నుషగాక్ నది ఎగువ నుంచి,
మే 27, మంగళవారం.

చిరంజీవి బలాసియాకు, అమ్మ ఓలింక దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ వాస్కా మామా, కుక్కలూ అందరం క్షేమం. నువ్వూ క్షేమంగానే ఉన్నావనుకుంటాను. ఫోన్లో నీ గొంతు వింటే ఆరోగ్యం సంగతేమో గానీ కోపం మాత్రం దండిగానే ఉన్నట్టుంది.

అందుకే ఉత్తరానికి దిగాను. ఫోనెత్తితే అరుచుకోవడమే తప్ప ఇద్దరిలో ఎవరమూ ఒక్క ముక్కా పూర్తిగా చెప్పడం లేదు. రేపటి విమానంలో ఎండు చేపల మూటతో పాటు ఇదీ డిల్లింగమ్‌లో నీ దగ్గరికి చేరుతుంది. ముందు చేపలు తిను, తర్వాత చదువు. ఖాళీ కడుపుతో నువ్వు ఎవరి మాటా వినవు.

నదిలో మంచు పూర్తిగా పోయింది. పొద్దస్తమానం వలలు బాగుచేస్తూ కూర్చుంటున్నాను. చేపలు పొగబెట్టే కొట్టం కప్పు ఒక పక్క కూలింది. వాస్కాను బాగుచెయ్యమంటే రేపంటాడు, వాడి రేపు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. నా కుడి భుజం అలాగే ఉంది. తెడ్డు సంగతి దేవుడెరుగు, టీ కెటిల్ ఎత్తాలన్నా రెండో చెయ్యి సాయం కావాలి. ఈ వేసవికి, డబ్బిచ్చి చేపల వేటకొచ్చే అతిథులను నదిలో తిప్పడం నావల్ల కాదని నేనే అన్నాను, పడవ నీ చేతిలో నేనే పెట్టాను. ఇష్టం లేక కాదు తల్లీ, ఓపిక లేక. ఇన్నేళ్ళుగా పరాయివాళ్ళ సామాను మోసీ, వాళ్ళకు కాఫీలు కాచీ, దోమల గురించి వాళ్ళ ఫిర్యాదులు వినీ అలిసిపోయాను.

జూలైలో నలుగురు అతిథులను రబ్బరు పడవలో కూర్చోబెట్టుకుని నువ్వొక్కదానివే దిగువకు వస్తావు. ఆ దారంతా ఎలుగుల రాజ్యం. ఇదిగో, ఆ పేరు ఒక్కసారి రాశాను, ఇక చాలు. మన మాటలు నేలలోంచి ఆయనకు వినిపిస్తాయని మా అమ్మ నమ్మేది, నేనూ నమ్ముతాను. ఇక్కణ్ణుంచి పెద్దాయన అనే రాస్తాను, నవ్వుకుంటే నవ్వుకో. చేపలెక్కడుంటే పెద్దాయన అక్కడ, మీరూ అక్కడే. నీకేమైనా అయితే నాకిక ఎవరూ లేరు. రాయకూడదనుకుంటూనే రాశాను.

ఇక తుపాకీ సంగతి. నాన్న రివాల్వరే కావాలని పట్టుబట్టావు. "చిన్నప్పుడు నన్ను కాపాడింది అదే కదమ్మా, ఆ చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది" అన్నావు. ఆయన పోయి రెండు చలికాలాలైంది, ఆయన వస్తువు దగ్గరుంటే ధైర్యంగా ఉంటుందన్నావు. అది నాకు అర్థం కాదనుకోకు. ఆయన టోపీ ఇప్పటికీ మేకుకే వేలాడుతోంది, నేను తియ్యలేదు.

దానికి తోడు మీ మామ ఒకడు. శనివారం శనివారం ఆవిరి స్నానాల గదిలో అదే కథ. "మా బావ ఒక్క గుండు పేల్చాడు, అంతే! పెద్దాయన వెల్లకిలా నదిలో పడి కొట్టుకుపోయాడు" అని. చలికాలం చలికాలానికీ ఆ పెద్దాయన సైజు పెరుగుతోంది. ఈ ఏడాది మన ఇంటి కప్పంత ఎత్తయ్యాడు. మొన్న నేను విసుగెత్తి "ఒరే, ఆయన్ని గురించి గొప్పలు పోవద్దురా, వింటాడు" అంటే, "విననీ అక్కా, భయపడతాడు" అన్నాడు. వాడికి బుద్ధి చెప్పే ఓపిక కూడా నాకు లేదు.

మొన్న నువ్వొచ్చినప్పుడు చెత్తదిబ్బ దగ్గర ఏం జరిగిందో గుర్తుందా? నీ చేతులు తిమ్మిరెక్కేదాకా నదిలో ముంచమన్నాను. నీకు ఒళ్ళు మండింది, అయినా ముంచావు. నది మీద చేతులు అలాగే ఉంటాయి మరి, పొడిగా వెచ్చగా ఎవరికుంటాయి? పెద్దాయన మీదికి ఉరికినట్టు ఉండాలని, వాస్కా తన నాలుగు చక్రాల బండికి తాడుతో పాత టైరు కట్టి నీ వైపు ఈడ్చాడు. నాన్న రివాల్వర్‌తో నువ్వు కొట్టిన మొదటి గుండు ఆకాశంలోకి పోయింది. "మేనకోడలా, మబ్బును చంపేశావే!" అని వాడు కేకలు. రెండోది పేల్చేలోగా టైరు నీ కాళ్ళ దగ్గరుంది. ఆ తర్వాత స్వెట్టర్ చెయ్యి వేళ్ళదాకా లాక్కుని టీ తాగావు. రివాల్వర్ తన్నిన తన్నుకు నీ మణికట్టు వాచిన సంగతి నేను చూడలేదనుకున్నావు.

అదే నువ్వు, విమానాల దగ్గర పనిచేసే లాటీని అడిగి తెచ్చిన పిస్టల్‌తో టైరుకు వరసగా మూడు చిల్లులు పెట్టావు. మీ మామ బండి దిగి వాటిని వేలితో లెక్కపెట్టాడు. అలాంటిదే కొనుక్కో. పెద్దది కొంటే పెద్ద ధైర్యమని దుకాణంలో అందరూ చెబుతారు, వాళ్ళలో ఎవరూ నీ పడవలో కూర్చోరు. నీ చేతికి లొంగేది కావాలి, మొదటిది తప్పినా రెండోది వెంటనే పేల్చగలిగేది కావాలి.

నడుముకు కట్టుకోకు. తెడ్లు వేస్తూ కూర్చున్నప్పుడు జాకెట్టంచు కింద ఇరుక్కుని బయటికి రాదు. తోలు ఒర వద్దు, మన వేసవిలో తోలు ఆరదు, ఇనుమును తినేస్తుంది. రోజూ సాయంత్రం అతిథులకంటే ముందు దానికి తిండి పెట్టు, అంటే నూనె గుడ్డతో తుడవమంటున్నాను. మిరప స్ప్రే డబ్బా కూడా చేతికందేలా ఉంచుకో. ఎదురుగాలి ఉంటే మాత్రం అది నీ కళ్ళలోకే కొడుతుంది, చూసుకో. వంట చేసిన చోట పడుకోవద్దు. చేపలు శుభ్రం చేసిన చోట అసలే వద్దు. పొదల్లోకి వెళ్ళేటప్పుడు గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్ళు, నీకది కొత్తేం కాదు.

ఇవన్నీ నీకు తెలిసినవే. అయినా చెప్పకపోతే నిద్రపట్టదు. చెబితే నువ్వు ఫోన్ పెట్టేస్తావు. ఉత్తరం పెట్టెయ్యలేవు కదా. భోజనం మానకు. కొత్త బూట్లు ఇంట్లో వేసుకుని తిరుగు, నది మీద కాళ్ళు కొరికించుకోకు.

ప్రేమతో, ఎప్పుడూ నీ మంచే కోరే
అమ్మ, ఓలింక

తా.క. కవరు అంటించి మళ్ళీ చింపాను. పైన రాసిన కారణాలన్నీ నిజమే, కానీ వాటికి నువ్వు లొంగవు. నేనైనా లొంగేదాన్ని కాదు. కాబట్టి అసలు సంగతి విను.

ఆ రోజు నాన్న పేల్చలేదు. రివాల్వర్ ఆయన ఒంటిమీదే లేదు. దాన్ని లైఫ్ జాకెట్‌కే కట్టుకునేవాడు. ఒడ్డుకు రాగానే తడిసిన జాకెట్ విప్పి, ఆరడానికి పడవలోని తెడ్డుకు తగిలించాడు, దాంతోపాటే రివాల్వరూ అక్కడే ఉండిపోయింది. నది మీద బతికేవాళ్ళే చేసే తప్పిది. నీళ్ళ మీద ఉన్నంతసేపూ తుపాకీ గుండెల మీదుంటుంది, పెద్దాయన తిరిగే ఒడ్డు మీద మాత్రం దగ్గరుండదు. నువ్వు గుడారంలో నిద్రపోతున్నావు. పెద్దాయన పొదల్లోంచి వచ్చి పడవకూ మాకూ మధ్య నిలబడ్డాడు. తర్వాత గుడారం వైపు నడిచాడు.

నాన్న ఉత్త చేతులతో వెళ్ళి గుడారానికి అడ్డంగా నిలుచున్నాడు. చేతులు పైకెత్తి, ఇంటికొచ్చిన పెద్దమనిషితో మాట్లాడినట్టే మాట్లాడాడు. "అయ్యా, నీ చేపలు నీవే. పొద్దున్నే వెళ్ళిపోతాం. లోపల మా పిల్ల పడుకుంది, దాన్ని లేపకు" అన్నాడు. పెద్దాయన ఇంకా ముందుకే వస్తుంటే, నేను గొడ్డలి వెనకవైపుతో వంటకుండ మీద ఒక్కటి బాదాను. నువ్వు విన్న చప్పుడు అదే. పెద్దాయన ఆగి, కాసేపు చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

అవతలి గుడారంలోని అతిథులు చప్పుడు విని, తుపాకీ అనుకున్నారు. వాళ్ళు ఊళ్ళో చెప్పినదాన్ని మీ మామ పెంచాడు. ఆ సాయంత్రం నాన్న గ్లాసు పట్టుకోలేకపోతే, టీ నేనే తాగించాను. "పిల్లకు చెప్పకు ఓలింకా, తుపాకీ మరిచిపోయే నాన్న దగ్గర అది నిద్రపోదు" అన్నాడు. ఆయన బతికున్నంతకాలం ఆ మాట నిలబెట్టాను. ఈ రోజు తప్పుతున్నాను. ఆ ఇనపముక్కే కాపాడిందని నమ్మి నువ్వు నలుగురిని వెంటేసుకుని బయల్దేరుతుంటే, ఇక దాచడం నా వల్ల కాదు.

రివాల్వర్ మూటలోనే ఉంది, చేపల కింద. నాన్నది కాబట్టి నీ దగ్గరే దాచుకో. నదికి మాత్రం పిస్టల్ తీసుకెళ్ళు. దాన్ని జాకెట్‌కు కాదు, వేరే పట్టీతో ఒంటికే కట్టుకో. అంతా చేసినా ఏదో ఒక రోజు అది చేతికి అందకపోవచ్చు. అప్పుడు నీ వెనక ఎవరున్నారో గుర్తుంచుకుని నిలబడు, మాట్లాడు. పరుగెత్తకు, బలాసియా.