ఇనుప తొడుగులో మావాడు

నంద్యాల,
18-1-1987

ప్రియమైన ఎస్తేరూ,

ప్రభువు కృప వల్ల ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. నీవు, అల్లుడు ఏసయ్య ఆళ్లగడ్డలో కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ తమ్ముడు పరంజ్యోతి సంగతి రాయకూడదనే అనుకున్నాను. మీ అమ్మ పక్కనే కూర్చుని "రాసినావా, రాసినావా" అని ప్రాణం తీస్తోంది. కాబట్టి రాస్తున్నాను. ఆ మహానుభావుడు బొంబాయిలో ఒక హిందీ సీరియల్లో వేషం వేశాడట. పేరు 'తారా నగర్'. చుక్కల మధ్య కట్టిన ఊరట అది, మనుషులు రాకెట్లలో అక్కడికి కాపురాలకు పోతారట. వీడు అందులో ఇనుప మనిషి. తల నుంచి పాదం దాకా డబ్బా తొడుగు, మొహం కనపడదు. పదమూడు వారాలు నడుస్తుందని, ఆఖరి వారం తొడుగు తీసి మొహం చూపిస్తాడని మీ అమ్మకు జాబు రాశాడు.

నాకు రాయలేదు. ఎందుకు రాస్తాడు? టీచరు ట్రైనింగు సీటు వదులుకుని వేషాలకు పోయిన రోజు "నీ మొగం నాకు సూపించొద్దు, పో" అన్నది నేనే కదా. మూడేళ్లయింది. ఆ మాట మీద నేనూ ఉన్నాను, వాడూ ఉన్నాడు. మొండితనంలో మాత్రం నా కొడుకే.

ఇవాళ మొదటి వారం. ఎదురింటి శేషయ్యకు పోయిన ఏడు పంట బాగా పండి టీవీ కొన్నాడు. తొమ్మిదింటికి సీరియలు, పదింటికి ఆరాధన. మీ అమ్మ బైబిలు చంకలో పెట్టుకుని వాళ్లింట్లో చూసి, అటునుంచి అటే చర్చికి వచ్చింది. నేను చూడలేదు. శేషయ్య అరుగు మీద కూర్చుని పేపరు చదివాను. కిటికీ తెరిచి ఉంటే దానికి నేను బాధ్యుణ్ణి కాను.

ఇట్లు,
మీ నాయన,
జయరాజు

ఆళ్లగడ్డ,
20-2-1987

ప్రియమైన నాయనా,

మీ కుమార్తె ఎస్తేరు నమస్కారాలు. మీ నాలుగు ఉత్తరాలూ అందాయి. నాలుగింట్లోనూ సీరియలు కథే! మొన్న రాసినదాంట్లో ఇనుప మనిషి ఏ చెయ్యి ఎత్తాడో కూడా రాశారు. అరుగు మీద పేపరు చదువుకునే మనిషికి ఇవన్నీ ఎట్లా తెలిశాయి నాయనా? కోప్పడకండి. ఆయనకు చదివి వినిపిస్తే పడి పడి నవ్వారు.

ఇక్కడ మా పక్కింటి టీవీలో బొమ్మకంటే గీతలే ఎక్కువ. అయినా మా స్కూలు పిల్లలు నన్ను "ఇనుప మనిషి అక్క" అంటున్నారు. తమ్ముడి మీద ఇంత ముద్దు ఎప్పుడూ రాలేదు. మీరు వాడికి ఒక్క ముక్క రాయండి. పెద్ద ఉత్తరం అక్కర్లేదు.

అమ్మను అడిగానని చెప్పండి.

మీ ప్రియ కుమార్తె,
ఎస్తేరు

నంద్యాల,
29-3-1987

ప్రియమైన ఎస్తేరూ,

ఆపేశారు. తొమ్మిది వారాలకే ఆపేశారు. పోయిన ఆదివారం టీవీ పెడితే ఎవరో తంబురా వాయిస్తున్నారు. ఇవాళా అంతే. కథ జనానికి ఎక్కడం లేదని, ఖర్చు ఎక్కువని పేపర్లో రెండే రెండు వాక్యాలు. ఇంకో నాలుగు వారాలు ఓర్చుకుంటే ఢిల్లీవాళ్ల సొమ్మేం పోయింది? అవును, నేనూ చూశాను. రెండో వారం నుంచి కుర్చీలో కూర్చునే చూశాను. ఇప్పుడు నవ్వుకోండి.

మన సంఘంలో నలభై ఆరు మంది చేత సంతకాలు చేయించి ఇంగ్లీషులో ఒక విన్నపం పంపాను. ఇంకా జవాబు రాలేదు. మీ అమ్మ మాత్రం ఏమీ అనడం లేదు. అదే నాకు బాధగా ఉంది.

ఇంకొక సంగతి. నీవు చెప్పినట్టే వాడికి ఒక కార్డు రాశాను. ఆ అడ్రసులో అటువంటి మనిషి లేడని తిరిగొచ్చింది. నీకు వాడి కొత్త అడ్రసు తెలిస్తే వెంటనే పంపు. వచ్చే నెల మధ్యలో మేమిద్దరం మీ ఊరు వద్దామనుకుంటున్నాం.

ఇట్లు,
మీ నాయన,
జయరాజు

ఆళ్లగడ్డ,
8-4-1987

ప్రియమైన నాయనా,

ఇప్పుడే రావద్దు. ఇంటికి సున్నం వేయిస్తున్నాం, సామాన్లన్నీ వాకిట్లో ఉన్నాయి. తర్వాత పరీక్షల పేపర్లు దిద్దాలి. సెలవుల్లో నేనే వచ్చి నాలుగు రోజులుంటాను.

తమ్ముడి అడ్రసు నా దగ్గర లేదు. కానీ వాడు క్షేమంగా ఉన్నాడని అమ్మకు చెప్పండి. నా మనసుకు అట్లా అనిపిస్తోంది.

తిరిగొచ్చిన కార్డులో ఏం రాశారు నాయనా? ఊరికే అడుగుతున్నాను.

మీ ప్రియ కుమార్తె,
ఎస్తేరు

నంద్యాల,
9-8-1987

ప్రియమైన ఎస్తేరూ,

ఈ ఉత్తరం ఆనందంతో రాస్తున్నాను. 'తారా నగర్' వీడియో క్యాసెట్లు వచ్చాయి! బస్టాండు దగ్గర వీడియో షాపులో నా కళ్లతో చూశాను. టీవీలో రాని నాలుగు భాగాలు కూడా ఉన్నాయి. ఆగస్టు పదిహేను శనివారం సెలవు కదా, ఆ రోజుకు వీసీఆరు అద్దెకు మాట్లాడాను. శేషయ్య తన హాలు, టీవీ ఇస్తానన్నాడు. వీధి వీధంతా పిలిచాను. పాస్టరుగారు కూడా వస్తున్నారు. మీరిద్దరూ తప్పక రండి.

పదమూడో భాగంలో మావాడు మొహం చూపిస్తాడని అందరికీ చెప్పాను. ఇంతమందిని నేను పిలిచింది నీ పెళ్లికే. మళ్లీ ఇప్పుడే.

కార్డులో ఏం రాశానని వేసవిలో వచ్చినప్పుడు కూడా అడిగావు. "చూస్తున్నాను" అని రాశాను. అంతే.

ఇట్లు,
మీ నాయన,
జయరాజు

ఆళ్లగడ్డ,
13-8-1987

ప్రియమైన నాయనా,

ఈ ఉత్తరం శనివారం లోపల మీకు అందాలని ప్రార్థన చేసి పోస్టు డబ్బాలో వేస్తున్నాను. దయచేసి ఆ క్యాసెట్లు వేయించకండి.

తమ్ముడు మా ఇంట్లోనే ఉన్నాడు. ఏప్రిల్ మొదటి వారంలో ఒక ట్రంకు పెట్టెతో వచ్చాడు. "అక్కా, నాయనకు సెప్పొద్దు" అన్నది మొదటి మాట. ఐదో భాగం తీసేటప్పుడు లైట్ల వేడికి ఆ తొడుగులో రెండుసార్లు స్పృహ తప్పి పడిపోయాడట. వాళ్లు వీడిని తీసేసి అదే తొడుగులోకి ఇంకొకణ్ణి ఎక్కించారు. మొహం కనపడదు కదా, చూసేవాళ్లకు తేడా ఏముంది? అప్పటికే అమ్మకు గొప్పగా రాసేశాడు. పదమూడో వారం ఎట్లా వస్తుందో అని వణుకుతూ కూర్చున్నాడట. సీరియలు ఆగిపోయిందని తెలిసినప్పుడు దేశంలో సంతోషపడింది వాడొక్కడే అయి ఉంటాడు.

ఇక్కడ అంగళ్లకు బోర్డులు రాస్తున్నాడు. బాగా రాస్తున్నాడు. మీ "చూస్తున్నాను" చదివి వినిపిస్తే లేచి దొడ్లోకి పోయాడు. చాలాసేపు రాలేదు.

నేనే బస్సెక్కి వచ్చి చెప్పవచ్చు. గంటన్నర ప్రయాణం. మీ ఎదుట నిలబడి చెప్పే ధైర్యం లేదు నాయనా. పదిమందిలో మీరు తల వంచుకోవడం నేను తట్టుకోలేను.

మీ ఎస్తేరు

నంద్యాల,
18-8-1987

ప్రియమైన ఎస్తేరూ,

నీ జాబు నిన్న సోమవారం అందింది. శనివారం జరగాల్సింది జరిగిపోయింది.

శేషయ్య హాలు నిండిపోయి కిటికీల్లో కూడా మనుషులే. చివరి నాలుగు భాగాలే వేయించాను. పదమూడో భాగంలో ఇనుప మనిషి రెండు చేతులూ ఎత్తి తొడుగు తీశాడు. ఎవరో తెల్లటి పిల్లవాడు, పిల్లికళ్లు. శేషయ్య మెల్లగా నా వైపు తిరిగాడు.

"ఏం సారూ, ఈయప్పేనా మన పరంజ్యోతి?"

"వాడే" అన్నాను.

"మనోడు నలుపు కదా సారూ?"

"రంగు పూస్తారు. సినిమావాళ్లు ఏమన్నా చేస్తారు."

ముప్పై నాలుగేళ్లు బెత్తం పట్టుకుని అబద్ధం ఆడొద్దని చెప్పినవాణ్ణి, పాస్టరుగారి పక్కన కూర్చుని రెండు అబద్ధాలాడాను. అప్పుడు ఆలోచించలేదు. వాడి పేరు మీద ఒక్కడు నవ్వినా ఓర్చుకోలేననిపించింది. వాళ్లు నమ్మారో, నా వయసుకు మర్యాద ఇచ్చారో తెలియదు.

ఇంటికొచ్చాక మీ అమ్మ మంచినీళ్లిచ్చి, తాపీగా అంది: "ఐదో వారం నుంచే ఆ డబ్బాలో ఉండేది మనోడు కాదు."

"నీకెట్లా తెలుసు?"

"మనోడు ఎడమ భుజం దించి నడుస్తాడు. కన్నదాన్ని, నాకు తెలీదా? ఆయప్ప నిట్టనిలువుగా పోతాండాడు."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు చూసేది మానేస్తావు. మూడేండ్లకు నీ నోట్లో వాని పేరు ఇప్పుడే వస్తాండాది. నేనెందుకు చెడగొట్టుకోవల్ల?"

ఏడ్చాను ఎస్తేరూ. రాయడానికి సిగ్గుపడటం లేదు. వాడు ఎక్కడున్నాడో, అసలు ఉన్నాడో లేడో తెలియక రెండు రోజులు ఇద్దరికీ అన్నం సయించలేదు. నీ జాబు చదవగానే ముందు నీ మీద మండిపడ్డాను. ముప్పై మైళ్లు కూడా లేని ఊళ్లో పెట్టుకుని నాలుగు నెలలు దాస్తావా అని. వాడు బొంబాయి నుంచి నంద్యాల దాటుకుని మీ ఊరు పోయాడంటే ఎవరికి భయపడి పోయాడో తర్వాత తట్టింది. ఆ కోపం ఇప్పుడు నా మీదే ఉంది.

వీధిలో అందరూ "పిల్లోడు ఎప్పుడొస్తాడు సార్" అని అడుగుతున్నారు. వాడు ఈ వీధిలో పెరిగినవాడు. వస్తే, తెలుపు కాదని, పిల్లికళ్లు కావని ఒక్క చూపుతో నా బండారం బయటపడుతుంది. అందుకని మీ అమ్మ చీకటి పడ్డాక తీసుకొద్దామంటుంది. నేను ఒప్పుకోలేదు.

శనివారం మొదటి బస్సుకు వస్తున్నాను. వాడికి ముందే చెప్పు, పారిపోతే నీదే పూచీ. మధ్యాహ్నం బస్సుకు ఇద్దరం తిరిగి వస్తాం. బస్టాండు నుంచి ఇంటిదాకా నడిపించే తీసుకొస్తాను, శేషయ్య అరుగు ముందు నుంచే. ఆయన అడిగితే, "ఆ పొద్దు నేను అబద్ధం ఆడినానప్పా, టీవీలో ఉన్న ఆయప్ప ఎవరో నాకు తెలీదు, నా కొడుకు వీడు" అని వీధి మధ్యలో నిలబడి చెప్తాను.

ఇట్లు,
మీ ఇద్దరి నాయన,
జయరాజు