బాణం గుర్తు వైరు

విజయనగరం,
జూన్ 9

ఉదయభాస్కర్ బావకి,

కోపం తగ్గాక రాద్దామని నాలుగు రోజులు ఆగాను. తగ్గలేదు. ఫోన్లో అరిస్తే పెట్టేస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

ఆపరేషన్లో పాడే గొంతు పోయిన నీ చెల్లెలు హైమవతి, ఒకప్పుడు రేడియోలో తాను పాడిన పాటలు మళ్లీ వినాలని ముచ్చటపడింది. సరే, ఆంప్లిఫయరూ రెండు స్పీకర్లూ కొన్నాను. బిగించడానికి శ్రీకాకుళంలో నీ ఆడియో షాపు మూసుకుని మరీ వచ్చావు. సంతోషం. కానీ ఏం తెచ్చావు? నా బొటనవేలంత లావు వైరు, దానికి బంగారు పూత పిన్నులు, పైన బాణం గుర్తు! "పాట ఇటునుంచి అటే పోవాల బావా, తిరగేస్తే మాధుర్యం సచ్చిపోతాది" అన్నావు. ఆ తీగలో కరెంటు క్షణానికి వందలసార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుందని నీకు తెలియదా? ఊగేదానికి బాణమేమిటి? పాతపట్నంలో విభూతి రాల్చే స్వామి చొక్కా చేతులు మడతపెట్టించి, జనం ముందు గుట్టు విప్పింది మనిద్దరమేనా? నువ్విప్పుడు గాజు తలుపుల షాపులో అదే విభూతి అమ్ముతున్నావు. తాయెత్తు కట్టేవాడికి కనీసం సైన్సు పేరు చెప్పుకునే తెలివితేటలు లేవు. నీకు ఉన్నాయి. అదీ నా మంట.

నువ్వు రైలెక్కగానే నీ వైరు పీకేశాను. మా హేతువాద సంఘం సభల్లో మైకులకు వాడిన పాత నల్ల వైరు నా చేత్తోనే బిగించాను. హైమవతి రెండు నిమిషాలు విని, "నా గొంతు గదిలో ఎక్కడా లేదండీ, గోడలవతల ఎవరో పాడతన్నట్టుంది" అంది. నీ మంత్రం అలా పనిచేసింది! ఖరీదైన వైరు కళ్లతో చూసింది కాబట్టి చెవులకు అలా తోస్తోందని చెప్పాను. "పోనీ, నా కళ్లకి గుడ్డ కట్టి మార్చి సూడండి" అంది. తెలిసిన దానికి పరీక్షెందుకన్నాను. అప్పటికి ఆమె దగ్గర సంగీతం పాఠానికొచ్చిన నలుగురు ఆడపిల్లలూ చాప మీదే ఉన్నారు. వాళ్లు వినేలా, "నీ చెవి చెప్పేది నమ్మకం, నిజం కాదు" అన్నాను.

మర్నాటి నుంచి పాఠం మానేసింది. "గొంతెలాగూ లేదు. చెవీ అబద్ధమాడితే పిల్లలకేటి సెప్తాను?" అంటోంది. వయొలిన్ పెట్టె అటక మీద పెట్టించింది. దీనికి కారణం నువ్వూ, నీ బాణమూ. వచ్చి ఆమెకు నిజం చెప్పు, లేదా మన మధ్య మాటలుండవు.

ఉపేంద్ర


విజయనగరం,
జూన్ 17

బావా,

నువ్వు జవాబివ్వలేదు, మంచిదైంది. రాయాల్సింది నేనే.

నిన్న పొద్దున్న నేను పేపరు చదువుతుంటే హైమవతి ఒక స్పీకరు మీద రెండు దిళ్లు కప్పింది. తన పాట వేసి విన్నది. దిళ్లు తీసి రెండోదాని మీద కప్పింది. మళ్లీ విన్నది. ఆఖరికి దిళ్లు రెండూ మంచం మీదకి విసిరేసి, "ఏవండీ, ఇలా రండి" అని పిలిచింది.

"ఒక్కొక్కటీ బాగానే పాడతన్నాది. రెండూ కలిస్తే నేను మాయమైపోతన్నాను. వైరే సెడ్డదైతే ఒక్కోటీ కూడా సెడ్డగానే పాడాలి గదా?"

ముప్పై ఏళ్లుగా వేదికలెక్కి జవాబులు చెప్పిన నేను, ఈసారి స్పీకర్ల వెనక్కి వంగి చూశాను బావా. మా సభల వైరు పాయలు రెండూ నలుపే. ఎడమ స్పీకరుకి ఎర్ర రంధ్రంలో పోవాల్సిన పాయను నల్ల రంధ్రంలో దూర్చాను. ఒక స్పీకరు గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది. మధ్యలో నిలబడాల్సిన గొంతును రెండూ కలిసి మింగేశాయి. పాయలు మార్చాను. హైమవతి గొంతు గది నడిమధ్యకొచ్చి నిలబడింది. ఆవిడ ఏడవలేదు. "ఎవరి చెవండీ అబద్ధమాడింది?" అని మాత్రం అడిగింది.

నువ్వు గెలిచావనుకోకు. పాట వినిపిస్తున్నది మా నల్ల వైరులోంచే. నీ బాణం అప్పుడూ అబద్ధమే, ఇప్పుడూ అబద్ధమే. పార్సిల్లో తిప్పి పంపుతున్నాను. కానీ ఊళ్లో ప్రతి స్వామినీ పరీక్షకు నిలబడమని గొంతు చించుకున్న నేను, నా ఇంట్లో మనిషి పరీక్ష పెట్టమని అడిగితే కాదన్నాను. ఆ స్వాములైనా ఏదో వంక చెప్పి తప్పుకున్నారు. నేను వంక కూడా వెతుక్కోలేదు. మగాణ్ణి, చదువుకున్నవాణ్ణి, అదే సరిపోతుందనుకున్నాను. ఈ కోపం ఎవరి మీద చూపించను?

పిల్లల ముందు అన్నమాట పిల్లల ముందే వెనక్కి తీసుకోవాలి. నేనే నలుగురి ఇళ్లకీ వెళ్లి పిలుచుకొచ్చాను. చాప పరిచాను. తప్పు నాదని, టీచరుగారి చెవే నిజమని చెప్పాను. గౌతమి అనే గడుగ్గాయి, "మరి మీరు సైన్సు మేష్టారు గదండీ?" అంది. హైమవతి నవ్వు ఆపుకుంటూ అటక మీంచి పెట్టె దింపమంది. దింపాను. వెళ్లబోతుంటే, "ఎక్కడికి? మీరూ కూర్చోండి" అంది.

పిల్లలు సరిగమల వరస పాడారు. "ఎవరు శ్రుతి తప్పారు?" అని నన్నడిగింది. ఎవరూ తప్పలేదన్నాను. ముగ్గురు తప్పారట.

"రేపు కూడా రండి" అంది. వెళ్తున్నాను.

నీ
ఉపేంద్ర