తెల్ల వ్యాన్‌కు రేడియో

ఇబ్రహీంపట్నం,
ఆదివారం మధ్యాహ్నం

బాపుకు వందనాలు.

నేను అలిగి ఇల్లు విడిచానని అక్కతో అన్నావట. అలిగితే రెండు పూటలు అన్నం మానేసేదాన్ని, ఇంత దూరం బస్సెక్కేదాన్ని కాదు. నీ మోకాలి నొప్పి ఎట్లుంది? అమ్మ బీపీ గోళీ మరవడం లేదు కదా? ఫోన్ చేస్తే మీరు బడిలో టీచర్ కొలువు మాటే ఎత్తుతారు. అందుకే రాస్తున్నాను.

నేను బాగానే ఉన్నాను. ఇంటి ఓనరక్క పచ్చిపులుసు చేస్తే నాకూ ఇంత పోస్తుంది, ఫికర్ చేయకు. జన్నారం అడవి గాలికి అలవాటైన ముక్కుకు ఇక్కడి దుమ్మే ఇంకా పడలేదు. సాయంత్రాలు ఏమీ తోచక, బండ్లకు రేడియోలు బిగించే మా షాపులోనే వాటి పక్కన కూర్చుంటాను. స్టేషన్ దొరికేముందు వచ్చే గరగర, మన టేకు ఆకుల మీద వానలా ఉంటుంది.

మొన్న మంచాల ఊరి నుంచి డ్రైవర్ మల్లేశన్న, పిల్లల్ని బడికి దింపే తెల్ల వ్యాన్ తెచ్చాడు. కొత్త రేడియో కావాలన్నాడు. మా షాపాయన సత్తెన్న ముందరి లైట్లు చూసి, "కొత్త మోడలే. డ్యాష్‌బోర్డు జర కోసి కొత్త ఫ్రేమ్ పెట్టు" అన్నాడు. లోపల డ్యాష్‌బోర్డు పాతదిలా కనిపించి నాకు నమ్మబుద్ధి కాలేదు. పాత రేడియో ఊడదీసి చూస్తే, వెనక ప్లగ్గు పాత మోడల్‌ది.

"మల్లేశన్నా, బండి ముఖం మార్పించినవా?"

"అవ్ చెల్లె. పాత బండంటే పిల్లల్ని ఎక్కిస్తలేరు. ముంగట మాత్రం కొత్తది ఏయించిన."

"నన్నే ఆగం జేసినవ్ గదా మల్లేశా" అని సత్తెన్న నవ్వాడు.

కోసి ఉంటే డ్యాష్‌బోర్డు ఖరాబయ్యేది. పాత మోడల్ ఫ్రేమే వెతికి తెచ్చి, స్టీరింగ్ కింద వెల్లకిలా పడుకుని వైర్లు కలిపాను. రంగురంగుల తీగలు ముఖం మీద ఊగుతున్నాయి. సీట్ల నుంచి జామకాయల వాసన. ఎవరిదో పాట, ముందు నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టు, తర్వాత చెవి పక్కనే. బండి నిలిచే ఉంది, నేను మాత్రం ఎటో పోతున్నట్టుంది. లేవబుద్ధి కాలేదు బాపూ.

బయటికి వచ్చాక సత్తెన్న, "అబ్దుల్లాపూర్‌మెట్ల కొత్త షాపు పెడుతున్న. వైరింగంతా నువ్వు చూస్కుంటవా? ఇంట్ల అడిగి చెప్పు" అన్నాడు. చూసుకుంటానని అక్కడే చెప్పాను.

అమ్మకు, పెద్దమ్మకు నా దండాలు. అక్క పాపకు ముద్దులు. మీ దీవెన నాకు ఎప్పుడూ కావాలి.

బడి సారుతో చెప్పు, నేను రావడం లేదు.

నీ చిన్న బిడ్డ
స్వరూప