టబ్బులో సున్నిపిండి

మాబున్నీ,

బాత్‌టబ్బులో నీళ్లు దిగడం లేదని వేడినీళ్లు పోయకు. నిన్న నేను అదే తప్పు చేశాను. గొట్టంలో పిండి ఉడికి గట్టిపడింది. జాలీ తీసి, వంటింటి తలుపు వెనక ఉన్న తీగతో కెలికి, చన్నీళ్లు పొయ్యి.

అడ్డం పడింది నీ జుట్టు కాదు. జడ కత్తిరించుకోమని మేడం నీ మీద అరిచినప్పుడు భయపడి నిజం దాచాను. పొద్దున చెప్పేశాను, ఎనిమిదేళ్లుగా ప్రతి శుక్రవారం లమాకి ఆ టబ్బులోనే సున్నిపిండి రుద్దుతున్నానని. "ఇన్నేళ్లూ నా కూతురికి పప్పు పూశావా!" అని నవ్వింది. "ఖలాస్, జడ ఉండనీ" అంది.

నా కూతురికి నలుగు పెట్టాల్సిన వయసులో దాన్ని ఊళ్లో వదిలి ఈ అరబ్బుల ఇంటికొచ్చాను. లమా వేళ్లకంటిన పిండి నాకేసి, ఇంకా కావాలని మారాం చేసేది.

ఎయిర్‌పోర్టుకి కారొచ్చింది. నువ్వు స్కూలు నుంచి లమాని తెచ్చేసరికి నేనుండను.

గురవమ్మక్క

బియ్యం డబ్బా వెనక సీసాలో రెండు శుక్రవారాలకి సరిపడా పిండి ఉంది. లమా అడిగితే రుద్దు. ముందు పాత తువ్వాలుతో దులిపి, తర్వాతే నీళ్లు పొయ్యి. అడక్కపోతే మాత్రం, ఫోన్ చేసినప్పుడు నాకు చెప్పకు.