పొయ్యి వెలిగించావా, అమ్మా?

ఉప్పు మడుల మధ్య ఉన్న నా ఎలోయ్‌కి,

నువ్వు కులాసాగా ఉన్నావనీ, ఎండకి పెదాలు పగిలి నవ్వలేకపోతున్నావనీ ఉప్పు లారీ నడిపే దోన్ ప్లాసిదో చెప్పాడు. నవ్వకులే. నవ్వించే సంగతులు నా దగ్గర ఒక్కటీ లేవు.

నేను నడిపే ఊరి రేడియో కేంద్రం మీద పిడుగు పడిన సంగతి నీకు తెలుసు. కంప్యూటర్లో మదర్‌బోర్డు మాడి మసైపోయింది. వాగు పొంగి పట్నం దారి మూసుకుపోకముందే ఒరూరో నుంచి కొత్త బోర్డు వచ్చిందని మురిసిపోయాను. నిన్న దాన్ని బిగించి, దండం పెట్టుకున్నంత పని చేసి బటన్ నొక్కాను. ఫ్యాన్ గిర్రున తిరిగింది. స్క్రీన్ మాత్రం నల్లగా ఉండిపోయింది. ఆపి మళ్ళీ నొక్కాను. అదే తంతు. ఊపిరాడుతోంది కానీ స్పృహ లేదు.

చూడ్డానికి వచ్చిన జనానికి పండగే అయింది. ఎండు బంగాళాదుంపలమ్మే లియోకాడియా నడుం మీద చెయ్యేసుకుని ముందుకొచ్చింది.

“చల్యా చేశావుటే?”

“లేదు పెద్దమ్మా.”

“ఇంకేం మరి! కోడిపెట్టని కొన్నా పచమామ తల్లికి ఓ చుక్క సారా పోసి, నెత్తిన రంగుకాగితాలు చల్లి ఇంట్లోకి తెస్తాం. ఊరందరి రేడియోకి ఆ పాటి మర్యాద లేదూ?”

“సారాకీ కరెంటుకీ పడదు పెద్దమ్మా.”

“నీకూ భూమితల్లికీ పడదు, ఆ మాట చెప్పు! పట్నంలో చదివొచ్చావు కదా, నీకెందుకు కనబడుతుంది ఆవిడ!”

అందరూ గొల్లున నవ్వారు. నా ముక్కు మీద కోపం నీకు తెలుసుగా, ఏదో అనేదాన్నే. కానీ అత్తమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నవ్వలేదు. టోపీ కళ్ళ మీదికి లాక్కుని వెళ్ళిపోయింది. అదిగో, అక్కడ నా ప్రాణం చివుక్కుమంది.

ఆ కంప్యూటర్ డిస్కులో ఏముందో నీకు వేరే చెప్పాలా? గని కప్పు కూలిపోయి నీ తమ్ముడు అబ్దోన్ చనిపోయాక, మనకి మిగిలింది వాడు రేడియోలో పలికిన ఆ పలకరింపొక్కటే. “లేవండి, లేవండి, లామాలు మీకంటే ముందే లేచాయి! అమ్మా, పొయ్యి వెలిగించావా?” రోజూ తెల్లవారగానే నేను అది వేసేదాకా అత్తమ్మ అగ్గిపుల్ల చేత్తో పట్టుకుని పొయ్యి ముందు కూర్చునేది. వాడు అడిగాక, “వెలిగించానురా నాయనా” అని అప్పుడు పుల్ల గీసేది. పిడుగు డిస్కుని కూడా మింగిందో వదిలిందో, యంత్రం లేస్తే గానీ తెలియదు. ఊళ్ళో ఇంకో కంప్యూటర్ లేదు. వాగు తగ్గేదాకా పట్నం వెళ్ళే దారీ లేదు.

రేపు మొత్తం విప్పి మొదటి నుంచీ చూస్తాను. నువ్వు పెదాలకి కొవ్వు రాసుకో.

నీ ముక్కోపి,
నెమేసియా

*

నా ఎలోయ్,

తల ప్రాణం తోకకి వచ్చింది. బోర్డు వెనక భాగం కంప్యూటర్ పెట్టె ఇనుముకి తగులుతోందేమోనని, అంతా ఊడదీసి ఓ అట్టముక్క మీద పరిచాను. తగలడం లేదు. అప్పుడు చూసుకున్నాను, ప్రాసెసర్‌కి కరెంటు తెచ్చే చిన్న తీగ పెట్టడమే మర్చిపోయాను! నన్ను నేను తిట్టుకుని, అది గుచ్చి, ఇక లేచి కూర్చుంటుందని బటన్ నొక్కాను. లేవలేదు.

పాత పెట్టెలోంచి పీకి పక్కన పడేసిన బుల్లి స్పీకర్ని తెచ్చి తగిలించాను. అది తగిలిస్తే బోర్డు తన బాధ కూతల్లో చెప్పుకుంటుంది. బీ...ప్, బీ...ప్ అని పొడుగ్గా, ఆగి ఆగి మొదలుపెట్టింది. బోర్డుతో వచ్చిన పుస్తకం తీసి చూశాను: మెమరీ అందడం లేదని దాని అర్థం. మెమరీ ముక్కని పీకి, దాని బంగారు పళ్ళని రబ్బరుతో తోమి మళ్ళీ పెట్టాను. అదే ఏడుపు. చవక బోర్డు, మెమరీకి ఒక్కటే గాడి, ఇంకోదాంట్లో పెట్టి చూద్దామన్నా లేదు. ఆ ముక్క కూడా పిడుగుకి పోయినట్టుంది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

ఇప్పుడు నీ దగ్గర దాచిన మాట చెబుతాను. అత్తమ్మ నాతో మాట్లాడటం మానేసింది. పొద్దున్నే పొయ్యి దగ్గరికి కూడా రావడం లేదు, నేనే వెలిగిస్తున్నాను. మొక్కజొన్న అంబలి చేతికిస్తే తీసుకుంటుంది, నా మొహం చూడదు. తిడితే పడేదాన్ని ఎలోయ్, చెంప మీద కొట్టినా ఊరుకునేదాన్ని. నీ మొండితనం వల్లే నా బిడ్డ గొంతు పోయిందని ఆ మనిషి లోపల అనుకుంటోంది. ఆ చూడకపోవడం నా వల్ల కావడం లేదు. మోత గుడ్డలో బట్టలు మూటగట్టుకున్నాను. వాగు తగ్గగానే చల్యాపాతాలో మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను. నీకు చెప్పకుండా గడప దాటలేక ఇది రాస్తున్నాను. నామీద కోపగించుకో, ఆవిడని మాత్రం ఏమీ అనకు.

నీదాన్నే, ఎక్కడున్నా,
నెమేసియా

*

నా బంగారు ఎలోయ్,

ముందటి ఉత్తరం చదివి పరుగెత్తుకు రాకు. మూట విప్పేశాను. కూర్చుని నెమ్మదిగా చదువు.

ఇవాళ కార్నివాల్ పండగ మంగళవారం. ఊరంతా వాకిళ్ళకీ బళ్ళకీ పశువులకీ చల్యా చేసుకుంటోంది. బాజాలు, బాణాసంచా. నేనొక్కదాన్నే రేడియో గదిలో, విప్పి పడేసిన బోర్డు ముందు కూర్చున్నాను. తలుపు చప్పుడైంది. అత్తమ్మ. లోపలికి వచ్చి, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని నేల మీద చతికిలబడింది.

“మూట కట్టావటగా.”

“కట్టాను అత్తమ్మా. మీరు నా మొహం చూడలేకపోతున్నారు కదా.”

“ఏ మొహంతో చూడనే నిన్ను? నేనే చంపేశాను వాణ్ణి. రెండోసారి, నా ఈ చేతుల్తోనే.”

ఆవిడ శాలువా అంచు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడుపు మధ్యే అంతా చెప్పింది.

నేను సంతకి వెళ్ళినప్పుడు, అటక మీదున్న కొత్త బోర్డు పెట్టె దించి తెరిచిందట. “ఒకసారి చూద్దామనే తీశానే. వెనక్కి తిప్పితే, అమ్మో, ఎన్ని తెల్ల చుక్కలు! తగరం. గనివాడి పెళ్ళాన్ని, గనివాడి తల్లిని, నాకు తగరం తెలియదుటే? వాడు తవ్విందే అది. ఎవరి బిడ్డ ఏ చీకట్లో తవ్వాడో. దాన్ని ఉత్త చేతుల్తో ఎలా బిగించనిస్తాను? నువ్వు ఒప్పుకోవని తెలుసు. చేతిలోకి తీపి సారా పోసుకుని వేలితో చిలకరించాను. నాలుగు రంగుకాగితాలు చల్లాను. మళ్ళీ అన్నీ దులిపి, ఊది, తుడిచి పెట్టేశాను. ఏం లాభం? పచమామ నా చెయ్యి తోసేసింది. అది లేవలేదు.”

ఎలోయ్, ఆ మాటలు విని బోర్డు తిప్పి చూశాను. కాలేజీలో ఎన్ని అతుకులు వేసుంటాను, ఎన్ని బోర్డులు చేత పట్టుంటాను! తగరం అని పుస్తకంలో చదివి పరీక్షలో కూడా రాశాను. మన కొండ కడుపులోంచి వచ్చిందని, అబ్దోన్ చేతుల్లోంచి వచ్చి ఉండొచ్చని ఒక్కనాడూ తోచలేదు. లెక్కలేనన్ని తెల్లటి చుక్కలు, ఒక్కొక్కటీ ఆవగింజంత. ఆ చుక్కల మీదుగానే కదా వాడి గొంతు నడిచి రావాలి. ఎంత చిన్నదాన్నో అనిపించింది నాకు.

అప్పుడు బుర్రలో దీపం వెలిగింది. ఊదిందంటే, కాగితం ఎక్కడికి ఎగిరి ఉంటుంది?

టార్చి వేసి మెమరీ గాడిలోకి చూశాను. అడుగున ఎర్రగా ఏదో ఉంది. సూదితో మెల్లగా గీకాను. కందిబద్దంత ఎర్ర కాగితపు చుక్క, తీపి సారా ఎండి అంటుకుపోయింది. దాన్ని నా గోరు మీద పెట్టుకుని అత్తమ్మకి చూపించాను.

“మీ చెయ్యి ఎవరూ తోసేయలేదు అత్తమ్మా. ఇదిగో, ఇది అడ్డం కూర్చుంది, అంతే.”

ఆవిడ దాన్ని చూసింది, నన్ను చూసింది. “ఇంతదా?” అంది.

గాడి శుభ్రం చేసి, ఆరనిచ్చి, అంతా బిగించి బటన్ నొక్కాను. బీప్! ఒక్కటే, పొట్టిగా. స్క్రీన్ మీద తెల్లటి అక్షరాలు వరస కట్టాయి. అందులో డిస్కు పేరు కనబడింది. బతికుంది! అత్తమ్మ చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కేశాను.

అయినా సగంలో నీలం తెర పడి మళ్ళీ మొదటికొచ్చింది. పడింది, లేచింది, పడింది. అత్తమ్మ బెదిరిపోయింది. “భయం లేదు. కొత్త ఇంట్లో పాత ఇంటి తలుపులు వెతుక్కుంటోంది” అన్నాను. బోర్డుతో వచ్చిన సీడీ వేసి, డిస్కులో ఉన్నవి ఏవీ చెరపకుండా, కొత్త బోర్డుని దానికి పరిచయం చేశాను. అది గుర్తుపట్టేదాకా ఇద్దరం తెర ముందే కూర్చున్నాం. బయట బాజాలు ఎప్పుడాగాయో కూడా తెలియలేదు.

ఆ ఫైలు దొరికింది. నేను మైకుతో సహా ప్రసారం కూడా తెరిచేశాను, ఊరంతా విననీ అని.

“లేవండి, లేవండి, లామాలు మీకంటే ముందే లేచాయి! అమ్మా, పొయ్యి వెలిగించావా?”

గదిలో వాడు నిలబడి అడిగినట్టే ఉంది. అత్తమ్మ లేచి నిలబడింది. పెట్టె మీద చెయ్యి వేసింది.

“లేదురా నాయనా. ఇవాళ వెలిగించలేదు. నీ దగ్గరికే వచ్చాను” అంది.

మైకు తెరిచే ఉంది ఎలోయ్. ఆ మాట ఊరంతా వింది.

తర్వాత నేనే అడిగాను, చల్యా చెయ్యమని. పెట్టె మూతలన్నీ బిగించి, పైన గుడ్డ కప్పి మరీ అడిగాను. అత్తమ్మ బల్ల నాలుగు మూలలా సారా పోసింది, నా నెత్తిన రంగుకాగితాలు చల్లింది. సరిగ్గా అప్పుడే లియోకాడియా ఊడిపడింది.

“చూశావుటే? నేను చెప్పలా! చుక్క పడ్డాక గానీ లేవలేదు!”

నేను ఆ ఎర్ర చుక్కని గుప్పిట్లో దాచేశాను. అత్తమ్మ నా వంక చూసి పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎంతకాలమైందో.

వాడి గొంతు సీడీ మీదికి ఎక్కించాను, నీ కోసం పంపుతున్నాను. ఆ ఎర్ర చుక్క కూడా ఈ మడతలోనే ఉంది. ఊదకు, ఎగిరిపోతుంది.

పొయ్యి దగ్గర నుంచి అత్తమ్మ పిలుస్తోంది, వెళ్ళాలి.

మీ అమ్మ కోడలు,
నెమేసియా